తల్లి అచ్చు

మా లోక్రి పట్నంలో ఏ ఇంటికైనా వెళ్ళండి, దామిప్ప వాళ్ళమ్మ కనిపిస్తుంది. గూట్లోనో, పొయ్యి పక్కనో, పెళ్ళికూతురి పెట్టెలోనో ఉంటుంది. పీట మీద కూర్చుని ఒళ్ళో దానిమ్మపండు పెట్టుకున్న, జానెడు కూడా లేని ఆ మట్టిబొమ్మను అందరూ కన్యాదేవి పెర్సెఫోనే అనుకుంటారు. అనుకోనివ్వండి. మా వాడలో మేమూ అలా చెప్పే అమ్మాం. కానీ ఆ ముఖం దేవతది కాదు. కుమ్మరివాడలో, సముద్రపు గోడకు ఆనుకున్న మా పక్కింట్లో ఒకప్పుడు కాపురమున్న హగేసో అనే ఆవిడది. ఆవిడ కూతురే దామిప్ప.

పోయిన చలికాలంలో దామిప్ప చనిపోయింది. ఊరు ఊరంతా ఆమె రంగులేసిన బొమ్మలు పెట్టుకుంది గానీ, పాడె వెంట నడిచింది మాత్రం నేనూ, మా ఆయనా, వాడలో ఇంకో ఇద్దరు ముసలాళ్ళూ. దారిలో ఎదురైనవాళ్ళు ఎవరు పోయారని కూడా అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సమాధిలో నేనే ఒక బొమ్మ పెట్టాను. దాని కళ్ళు నల్లవి కావు. చివరి రోజుల్లో ఆమె చేసిన బొమ్మలన్నిటికీ ఆ కళ్ళే. ఆ కళ్ళేమిటని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకని ఒకేసారి చెప్పేస్తున్నాను.

నేను మెడ్మా నుంచి ఈ వాడకు కోడలిగా వచ్చేసరికి దామిప్పకు పెళ్ళీడు దాటిపోతోంది. మా ఆయన సోసిలాస్ ప్రమిదలు చేస్తాడు. దామిప్ప నాన్న ఎవార్కోస్ బొమ్మలు చేసేవాడు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, వెనక మట్టిపని కాల్చుకునే ఆవం ఒకటే. ఆవం పేర్చినప్పుడు అడుగున మా ప్రమిదలు, పైన వాళ్ళ బొమ్మలు. బొమ్మ పగిలితే ప్రమిద తప్పనీ, ప్రమిద పగిలితే బొమ్మ తప్పనీ మా మామగారూ ఎవార్కోసూ అరుచుకునేవాళ్ళు. ఆ అరుపులు తప్ప ఎవార్కోస్ నోట మాట వినబడేది కాదు. ఇంట్లో కూతురితో కూడా అవసరానికి మించి పలికేవాడు కాదు.

మా వాడలో అందరికీ మారుపేర్లుంటాయి. మా ఆయన మసిగాడు. నేను వచ్చిన నెలకే గయ్యాళినైపోయాను. దామిప్పను పిల్లి అనేవాళ్ళు. నాకూ తోడుకోడలే చెప్పింది. ఎందుకని అడిగితే, "చూస్తే నీకే తెలుస్తుందిలే" అంది. చూశాను, తెలిసింది, నవ్వుకున్నాను, అక్కడితో మర్చిపోయాను. నా పేరు నా ముఖం మీదే అనేవాళ్ళు, నేను ఊరుకోనని తెలిసినా. దామిప్ప ముఖం మీద మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆమె ముఖం ఎప్పుడూ బొమ్మ మీదకు వంగి ఉండేది. మేం చూసేది ఎక్కువగా ఆమె పాపిట.

హగేసో సంగతి నాకు మా అత్తగారు చెప్పింది. దామిప్పను కని, బిడ్డకు పేరు పెట్టకముందే ఆవిడ పోయింది. ఎవార్కోస్ ఏడవలేదట. ఆవం చల్లారిపోయేదాకా తలుపు వేసుకుని కూర్చున్నాడట. బయటికొచ్చేసరికి చేతిలో బొమ్మ ఉంది. అచ్చులో ఒత్తింది కాదు, చేత్తో చేసింది. జానకు పైనే ఉంటుంది. దాన్ని చూసి మా అత్తగారు గుమ్మంలోనే కూలబడిందట. హగేసో కూర్చుని ఉన్నట్టే ఉందట. దాని మీద అచ్చు తీసుకుని, బొమ్మను కాల్చి, రంగులేసి, ఊరి బయట లోయలో ఉన్న కన్యాదేవి గుడికి ఎవార్కోస్ స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

అలా తీసినదాన్ని మేం తల్లి అచ్చు అంటాం. ఎవార్కోస్ తల్లి అచ్చులోంచి దామిప్ప చిన్నప్పుడు ఎన్నో బొమ్మలు వచ్చాయి. తర్వాత ఒక ఏడు భూమి అదిరి, అటక మీది తల్లి అచ్చు పడి ముక్కలైపోయింది. అలాంటప్పుడు అందరూ చేసేదే ఎవార్కోసూ చేశాడు. మిగిలిన బొమ్మ ఒకటి తీసుకుని దాని మీద మన్ను ఒత్తి ఇంకో అచ్చు చేశాడు. అది కూతురు అచ్చు. అది అరిగాక మనవరాలి అచ్చు. మన్ను ఎండితే కుదించుకుపోతుంది, కాలిస్తే ఇంకా కుదించుకుపోతుంది, కాబట్టి అచ్చుకూ అచ్చుకూ బొమ్మ చిన్నదవుతుంది. ముక్కు మొద్దుబారుతుంది. పెదవుల మధ్య గీత పూడిపోతుంది. కొనేవాళ్ళకు అదేం పట్టదు. దామిప్పకు పట్టేది. వాళ్ళమ్మ ఏటికేడు చిన్నదైపోతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అచ్చు ఆకారాన్ని తెస్తుంది గానీ రంగును తేదు. బొమ్మ కాలాక సుద్ద పూసి, గుడ్డుసొనలో రంగులు కలిపి పైన వేస్తాం. కన్యాదేవి కళ్ళకు మసి రంగు వెయ్యడం మా వాడ వాడుక. ఎవార్కోస్ అమ్మకానికి చేసినవాటికి అలాగే వేశాడు, దామిప్పకూ అలాగే నేర్పాడు. చిన్నప్పుడు ఆమె అడిగిందట.

"నాన్నా, అమ్మవి నల్లకళ్ళేనా?"

"గుళ్ళో ఉందిగా. వెళ్ళి చూసుకో."

అంతే అన్నాడట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె నవ్వింది. నాకైతే ఆ ముసలాడి గొంతు పిసకాలనిపించింది.

ఆమె వెళ్ళింది, చూసింది. గుళ్ళో గోడ పొడవునా బల్లలు, వాటి మీద మొక్కుబడి బొమ్మలు. పెళ్ళికి ముందు ఆడపిల్లలు ఇచ్చినవి, కాన్పుకు ముందు ఇల్లాళ్ళు ఇచ్చినవి. ఎవార్కోస్ ఇచ్చింది అన్నిటికంటే పై బల్ల మీద, గోడవారగా ఉంది. దాని ముందు కొత్తవి వరస మీద వరస చేరాయి. కింద నిలబడి చూస్తే పొడుగాటి కిరీటం, కాస్త నుదురు తప్ప ఏమీ కనబడేది కాదు. ఎక్కి చూడనివ్వరు. గుడివాళ్ళు తప్ప ఇంకొకరు బల్లల మీద చెయ్యి వెయ్యడానికి లేదు. పండగ పండగకీ ఆమె వెళ్ళేది, ఆ కిరీటం కేసి చూసి వచ్చేది.

పెళ్ళెందుకు కాలేదని అడక్కండి. హిప్పోనియన్ నుంచి ఇటుకలు చేసేవాడొకడు అడిగాడు. మంచివాడే. "మరి రంగులెవరు వేస్తారు?" అన్నాడు ఎవార్కోస్. ఇటుకలవాడు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరూ అడగలేదు. తర్వాత ఎవార్కోస్ కూడా పోయాడు. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

పొద్దున్నే మన్ను తడిపేది. మధ్యాహ్నం ఒక బార్లీ రొట్టె ముక్క, నాలుగు ఆలివ్ కాయలు, ఉంటే ఉప్పుచేప. గోడ వైపు తిరిగి తినేది. ఎవరైనా చూస్తే తినలేను అనేది, ఎవరు చూస్తారని? సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపూ కళ్ళు వేసేది. పెళ్ళికూతుళ్ళు తల్లుల్తో వచ్చి బేరం చేస్తూ, "ఇదిగో దీని ముఖం బాగుంది, కాదమ్మా, దీని ముఖం బాగుంది" అనుకునేవాళ్ళు. అన్నీ ఒకటే ముఖం. ఆమె వాళ్ళకేమీ చెప్పేది కాదు. వాళ్ళు వెళ్ళాక నాతో అనేది, "మా అమ్మ మళ్ళీ అత్తారింటికి వెళ్ళిపోయిందే క్లీతా."

"వెళ్ళనీ అక్కా. నువ్వెలాగూ వెళ్ళలేదు" అనేదాన్ని. నా నోరు అంతే. ఆమె ఏమీ అనుకునేది కాదు. ఏమైనా అనుకుంటే బాగుండేదేమో.

ఒక వర్షాకాలం గుడిలో బల్ల ఒకటి బరువుకు విరిగింది. కన్యాదేవికి ఇచ్చింది కన్యాదేవిదే. బొమ్మయినా, ముక్కయినా, ఊడ్చిన దుమ్మయినా గుడి దాటకూడదు. నిండిపోయినప్పుడు గుడి ఆవరణలోనే గొయ్యి తవ్వి, అన్నీ పగలగొట్టి పూడ్చేస్తారు. ఎవడైనా తవ్వి అమ్ముకోకుండా పగలగొట్టడం. మట్టితో పనిచేసేవాళ్ళం కదా అని గొయ్యి తవ్వడానికి మా వాడ మగాళ్ళని పిలిచారు. మా ఆయన ఇంటికొచ్చి నడుం పట్టుకుని కూర్చుంటూ అన్నాడు, "ఈసారి పై బల్లల్తో సహా మొత్తం దించేస్తారట."

గోడకు అవతల దామిప్ప చేతిలోంచి ఏదో కింద పడిన చప్పుడైంది.

మర్నాడు ఇద్దరం గుడికి వెళ్ళాం. గుడి పెద్ద తిమాస్సాగారు ఊరిని ఏలే నూరు పెద్దిళ్ళలో ఒక ఇంటి మనిషి. గుమ్మంలో నిలబడి తేనెమైనం లెక్క చూసుకుంటోంది. మేం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"అమ్మగారూ, పై బల్ల మీద గోడవారగా ఉన్నది మా నాన్న ఇచ్చింది" అంది దామిప్ప. "దించినప్పుడు ఒక్కసారి నా చేతికిస్తే..."

"ఇచ్చాడన్నావుగా. చేసినప్పుడు మీది. ఇచ్చాక ఆవిడది."

"మాదని ఎవరన్నారమ్మా?" అన్నాను నేను. "చూస్తానంటోంది, అంతే. చూస్తే అరిగిపోతుందా?"

"నువ్వెవరే?"

"ప్రమిదల సోసిలాస్ పెళ్ళాన్ని. మీ గోడలిలా నల్లబడ్డాయంటే మా ఇంటి చలవే."

ఆవిడ పెదవి కొస కాస్త కదిలింది. నవ్వు వస్తే ఆపుకోవడం పెద్దిళ్ళలో నేర్పుతారు కాబోలు. కాసేపు బల్లల వైపు చూసింది. దించాల్సినవి బోలెడున్నాయి, గుడి ఆడవాళ్ళు కొద్దిమందే.

"సరే. వచ్చే పౌర్ణమి దాటాక రండి, ఇద్దరూ మొయ్యండి. కానీ ఒకటి. మోసినవాళ్ళే కడగాలి. కన్య దగ్గరికి మసితో పంపడం మా ఇంటా వంటా లేదు. తొట్టిలో ముంచాలి, తుడవాలి, పగలగొట్టి గోతిలో పెట్టాలి. మధ్యలో ఆపి ఏడుస్తూ కూర్చుంటే నేను ఒప్పుకోను."

"ఏడవను" అంది దామిప్ప.

తిరిగి వస్తూ లోయ ఎక్కాం. నాకు అప్పటికి విషయం తట్టింది. కాల్చాక వేసిన రంగు నీళ్ళకు ఆగదు. ఈ సంగతి వాడలో పసిపిల్లకు కూడా తెలుసు. గుడివాళ్ళకు తెలియదు. తెలిసినా వాళ్ళకేం, ఎలాగూ పగలగొట్టేవే.

"అక్కా, ముంచితే రంగు మొత్తం పోతుందే."

"పోతుంది."

"ముంచకముందే చూసెయ్."

"ఏం కనబడుతుంది? ఎన్నేళ్ళ మసి అది. మీ ఆయన ప్రమిదలన్నీ సరిగ్గా దాని కిందే కదా." తప్పుపట్టినట్టు అనలేదు. రంగులవాళ్ళు రంగు గురించి చెప్పినట్టే చెప్పింది. తర్వాత ఊరి గోడ ద్వారం దగ్గర టక్కున ఆగిపోయింది. "మసి పైనుంది కదే క్లీతా."

"అయితే?"

"నీళ్ళు తగిలితే ముందు మసి పోవాలి. తర్వాతే రంగు."

"ఆ మధ్యలో ఎంతసేపుంటుంది?"

"తెలియదు. ఊపిరి పీల్చినంత సేపుంటే చాలు."

పౌర్ణమి వచ్చేదాకా మా రెండిళ్ళూ పిచ్చివాళ్ళ కొంపలయ్యాయి. చెయ్యి విరిగినవి, ముక్కు వంకరపోయినవి, పనికిరావని పక్కన పడేసిన బొమ్మలన్నిటికీ ఆమె రంగులేసింది. వాటిని మా ప్రమిదల మీద పట్టుకుని మసిబార్చడం నా పని. మా ఆయన నూనె దండగని గొణిగాడు. "మసిగాడని పేరున్నందుకు ఈ మాత్రం దానం చెయ్" అన్నాను. తర్వాత ఆమె ఒక్కొక్కదాన్నీ కడిగి చూసింది. చన్నీళ్ళతో మసి, రంగు కలిసి జారిపోయాయి. వేణ్ణీళ్ళయితే సుద్దే ఊడిపోయింది. నూనెతో అంతా జిడ్డయింది. చివరికి ఉన్ని పోగును నోట్లో పెట్టుకుని, ఉమ్మితో తడిపి, కంటి మీద దొర్లించినట్టు అద్దింది. మసి ఉన్నికి అంటుకుని వచ్చేసింది. కింద నల్లకన్ను నిలబడింది. అలా కాసేపే ఉంది, మళ్ళీ తడి తగలగానే చెరిగిపోయింది.

"చాలు" అంది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. వాకిలి నిండా ముఖాలు చెరిగిపోయిన దేవతలు పడున్నారు, మధ్యలో ఈవిడ నోట్లో ఉన్నితో కూర్చుని నవ్వుతోంది.

పౌర్ణమి దాటిన మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్ళాం. దించడం, మొయ్యడం, కడగడం, పగలగొట్టడం. వాకిట్లో రాతి తొట్టి, పక్కనే గొయ్యి. గోతిలో మా ఆయన నిలబడి అందుకుంటున్నాడు. తొట్టిలో నీళ్ళు అప్పటికే గులాబీ రంగుకు తిరిగి, అంచుల దగ్గర నీలం నురగ కట్టాయి. ఎంతమంది ఆడపిల్లల పెళ్ళిబొమ్మలో అవి. నీళ్ళు చూసి దామిప్ప ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

పై బల్ల మీదివి ఆఖర్న దించారు. గుడి ఆవిడ నిచ్చెన మీంచి అందించగానే అదేనని నాకూ తెలిసిపోయింది. మిగతావాటి కంటే పెద్దది, బరువైనది. ముఖం బొగ్గులా ఉంది. కానీ ఆ ముక్కు, ఆ పెదవుల మధ్య గీత, గడ్డం కింద ఆ చిన్న నొక్కు... మా మనవరాలి అచ్చుల్లో ఇవేవీ లేవు. ఇన్నాళ్ళూ మేం అమ్మింది హగేసోను కాదు, హగేసో నీడను అనిపించింది. దామిప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని, కడుపుకు ఆనించుకుని, తొట్టి దాకా నడిచింది. తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఉన్ని అప్పటికే నోట్లో ఉంది.

"ఏయ్, ముంచవే. వెనక బోలెడు ఉన్నాయి" అంది తొట్టి దగ్గరున్న గుడి ఆవిడ.

నేను వెళ్ళి ఆవిడకూ దామిప్పకూ మధ్య నిలబడ్డాను. "అంత తొందరైతే నువ్వే ముంచుకోరాదూ? పొద్దున్నించి వేలు తడవలేదు నీది."

"ఏమన్నావ్?"

"తడవలేదన్నాను. చూపించు, చూద్దాం. పొడిగానే ఉంది. కన్యాదేవి సొమ్ము తిని కన్యాదేవి బొమ్మ కడగడానికి బద్ధకం."

ఆవిడ ఊరుకోలేదు. మా మెడ్మా వాళ్ళని తిట్టింది. నేను వాళ్ళ వీధినంతా తిట్టాను. బల్ల దగ్గర్నుంచి తలలు మా వైపు తిరిగాయి. గోతిలోంచి మా ఆయన, "ఒసే, గుడే ఇది" అన్నాడు. నా నోటి వల్ల ఒకరికి మేలు జరిగింది బతుకులో ఆ ఒక్కసారే. నా వీపు వెనక ఏం జరుగుతోందో చూడలేదు. చూస్తే తగువు ఆగిపోతుంది. దామిప్ప ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు మాత్రం విన్నాను. ఆ ఊపిరి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత నీళ్ళ చప్పుడైంది. ఎవరూ చెప్పకుండా తనే ముంచేసింది. నేను తిరిగి చూసేసరికి ఆమె చేతుల్లో ఉన్నది ఉత్త ఎర్రమట్టి ముఖం, తడితడిగా. దాన్ని తుడిచింది. పగలగొట్టడానికి రాతి అంచు మీద ముఖం తగలకుండా, పీట దగ్గర కొట్టింది. పాదాలు విడిపోయాయి. రెండు ముక్కలూ మా ఆయనకు అందించి, "ముఖం పైకి పెట్టన్నా" అంది. ఏడవలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది.

దారిలో ఆగలేక అడిగాను. "ఏం రంగక్కా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చెప్పనని కాదు, ఇప్పుడు కాదని. ఇంటికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తలుపు చాలా రోజులు తెరుచుకోలేదు. గోడ అవతల రోట్లో ఏదో నూరుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. పిలిస్తే, "ఉన్నానే" అనేది. రొట్టె పెట్టి వస్తే తీసుకునేది. వాళ్ళ నాన్నలాగే అయిపోతుందని నాకు భయం వేసింది. ఒక పొద్దున ఇక లాభం లేదనుకుని, ఆవం వైపు నుంచి వెనకదారిన లోపలికి దూరాను.

గోడ పొడవునా సుద్ద పూసిన బొమ్మలు. ఒక్కదానికీ జుట్టుకు రంగు లేదు, బట్టలకు రంగు లేదు. అన్నిటికీ కళ్ళు మాత్రం ఉన్నాయి. ఏ రెండు జతలూ ఒక్కలా లేవు. కొన్ని లేతాకు రంగు, కొన్ని నీటి రంగు, కొన్ని నాచు. మధ్యలో దామిప్ప కింద కూర్చుని ఉంది. చుట్టూ ఆల్చిప్పల్లో రంగులు.

"కుదరట్లేదే క్లీతా" అంది తలెత్తకుండా. "నీలంలో పసుపు జేగురుమన్ను కలుపుతున్నాను. కాస్త ఎక్కువైతే ఆకు, కాస్త తక్కువైతే సముద్రం. ఆ రంగు ఇదీ కాదు, అదీ కాదు. ఊపిరి పీల్చినంత సేపు చూశాను. ఇప్పుడు ఎంత తలుచుకుంటే అంత జారిపోతోంది. నల్లవి మాత్రం కావు. బతుకంతా మా అమ్మకి పరాయి కళ్ళు పెట్టాను."

నేను వంగి ఒక్కొక్క బొమ్మనీ చూశాను. చివరి వరసలో ఒకదాని దగ్గర ఆగిపోయాను. మనవరాలి అచ్చు బొమ్మే. ముక్కు మొద్దుబారిన చిన్న ముఖమే. కానీ ఆ కళ్ళతో అది నాకు తెలిసిన మనిషి అయిపోయింది.

"అక్కా, ఇవి నీ కళ్ళే."

"వెక్కిరించకే."

"వెక్కిరించడం లేదు. అచ్చుగుద్దినట్టు నువ్వే."

"నావి నల్లవి" అంది. అని, నన్ను చూసింది. "కాదా?"

 గోడకు వేలాడుతున్న వాళ్ళమ్మ కంచు అద్దం తీసి ముఖం ముందు పెట్టుకుంది. కంచు అద్దంలో ఎవరి కళ్ళయినా ఒకటే రంగు, కంచు రంగు. బావినీళ్ళలో అయితే నలుపు. అద్దం పక్కన పెట్టేసింది.

"నిన్ను వాడలో పిల్లి అంటారు" అన్నాను.

"నన్నా? ఎందుకు?"

"ఇందుకే. పిల్లికళ్ళని."

"ఎప్పట్నుంచి?"

"నేను కాపురానికి వచ్చేసరికే అంటున్నారు."

 వాడంతటికీ తెలిసిన సంగతి. చాకలికి తెలుసు, చేపలవాడికి తెలుసు. రోజూ ఎదురుగా కూర్చుని రొట్టె తిన్న ఎవార్కోస్‌కు అందరికంటే బాగా తెలుసు. చచ్చిపోయిన పెళ్ళాం కళ్ళు కూతురి ముఖంలో చూస్తూ, గుళ్ళో చూసుకో పొమ్మన్నాడు.

"మరి నాతో ఒక్కరూ అనలేదేం?" అంది చివరికి.

ఆ గొంతులో కోపం ఉంటే జవాబు చెప్పేదాన్ని. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఎవరంటారు, అక్కా? ఒక మనిషి కళ్ళ రంగు చెప్పాలంటే తల్లి ఉండాలి, లేదా మొగుడుండాలి, లేదా పోట్లాడే చెల్లెలైనా ఉండాలి. నీకు గోడ అవతల నేనున్నాను, నేను మీ ఇంట్లోకి ఎప్పుడూ మాటలే పంపాను. ఇదంతా నా గొంతులోనే ఉండిపోయింది.

ఆమె లేచింది. ఒక ఆల్చిప్ప, కుంచె తీసుకుని వీధి గుమ్మం తెరిచింది. ఇన్ని రోజులకు సముద్రం మీది వెలుతురు లోపలికి పడింది. గడప మీద వెలుతురుకు ఎదురుగా కూర్చుని, కళ్ళు పెద్దవి చేసింది.

"రా. సరిగ్గా చూసి చెప్పు" అంది. "నేను కలుపుతాను."

నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాను. ఆ ముఖాన్ని నేను చేత్తో తాకడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది. గాలికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా రెప్ప వెయ్యలేదు.

"చూస్తున్నావా?"

"చూస్తున్నానక్కా."

"ఇంకొంచెం పసుపు వెయ్యాలా?"

"వెయ్యి" అన్నాను. "ఇంకొంచెం వెయ్యి."